చెత్త మాది, మాలు మీది (బాకీ లెక్కలు – 9)



పోయిన భాగంలో ఔట్‌సోర్సింగ్ పారిశుధ్య కార్మికుల జీతాల గురించి రాశాను. ఈసారి జీతం అనే మాటే లేని పని గురించి. కొంచెం పొడుగ్గానే ఉంటుంది. తీరిక చూసుకుని చదవండి.

పోయిన నెల మా కాలేజీలో ఒక సెమినార్ జరిగింది. 'వ్యర్థం నుంచి సంపద' అని పేరు. బ్యానర్ తెలుగులో ఉండాలన్నారు. తెలుగు చెప్పేది నేనే కాబట్టి 'సర్క్యులర్ ఎకానమీ'కి మాట నన్నే అడిగారు. 'చక్రీయ ఆర్థిక వ్యవస్థ' అని రాసిచ్చాను. స్వాగతోపన్యాసం కూడా నాదే. చక్రం అంటే గుండ్రంగా తిరిగేది, వాడి పారేసిన వస్తువు మళ్లీ తిరిగి సరుకై మన దగ్గరికే వస్తుందని మైకులో విడమరిచి చెప్పాను కూడా.

వచ్చిన వక్త బాగా మాట్లాడాడు. ఇకమీదట చెత్త అనకూడదట, 'ద్వితీయ వనరు' అనాలట. ఖనిజం నుంచి అల్యూమినియం తీయడం కంటే పాత అల్యూమినియం కరిగిస్తే 95 శాతం దాకా శక్తి ఆదా అవుతుందన్నాడు. పాత ఇనుము వాడినకొద్దీ గనులు తవ్వే పని తగ్గుతుందన్నాడు. అవన్నీ నిజాలే. వాటితో నాకు పేచీ లేదు.

చివర్లో మా కాలేజీకీ ఒక ఏజెన్సీకీ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. క్యాంపస్‌లో వచ్చే పొడి చెత్త మొత్తం ఇక ఆ ఏజెన్సీ తీసుకుపోతుంది. బదులుగా కాలేజీకి ఒక సర్టిఫికెట్ ఇస్తుంది. గోడకు తగిలించుకోవచ్చు, ఫైల్లో పెట్టుకోవచ్చు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

సాయంత్రం మా కాలేజీలో ఊడ్చే అక్క నా గది దగ్గరికొచ్చి నిలబడింది.

"సార్, గా అట్టలు, బాటిళ్లు ఇగ నేను తీస్కపోవద్దంట. రూముల ఏసి తాళం పెట్టిన్రు."

"ఎవరు చెప్పిన్రక్కా?"

"సూపర్‌వైజర్ సారు. ముట్టుకుంటె దొంగతనం కిందికొస్తదంట."

కొన్నేళ్లుగా మా కాలేజీలో అట్టపెట్టెలు, నీళ్ల బాటిళ్లు, చిత్తు కాగితాలు ఆమే ఏరి, కట్టగట్టి, బస్తీలో కబాడీ దుకాణంలో అమ్ముకుంటోంది. దాని మీదనే ఇంట్లో గ్యాస్ బండ వచ్చేదట. ఊడ్చేందుకు వచ్చే జీతం అద్దెకూ బియ్యానికీ సరి. నేను ఏమనాలో తోచక, ప్రిన్సిపాల్ గారితో మాట్లాడతానన్నాను. ఆమె వెళ్తూ వెళ్తూ ఆగింది.

"గుండ్రంగ తిరుగుతది అని మీరే మైకుల చెప్తిరి గద సార్. గుండ్రంగ తిరిగేదైతె మా దిక్కు గుడ రావాలె గద?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ రాస్తున్నదే ఈ భాగం.

*

ముందు ఒక మాట గురించి. మన ఇంటి గుమ్మం దగ్గర ఉన్నంతసేపు దాన్ని చెత్త అంటాం. అదే వస్తువు కబాడీ దుకాణం తక్కెడ ఎక్కితే మాలు అంటారు. "మాలు ఎంతొచ్చింది? మాలు తడిగ ఉంది, రేటు రాదు." అదీ అక్కడి భాష. గుమ్మానికీ తక్కెడకూ మధ్య ఏం జరిగింది? యంత్రం రాలేదు, పెట్టుబడి రాలేదు. ఒక మనిషి చేతులు దాన్ని ముట్టుకున్నాయి, వేరు చేశాయి. చెత్తను మాలుగా మార్చింది ఆ చేతులే.

ఒక కూల్‌డ్రింక్ బాటిల్‌నే తీసుకోండి. బాటిల్ పెట్ అనే ప్లాస్టిక్. మూత వేరే ప్లాస్టిక్. చుట్టూ ఉన్న రేపర్ ఇంకో రకం. అన్నీ కలిపి కరిగిస్తే మంచి సరుకు రాదు. కాబట్టి ఎవరో ఒకరు మూత తీయాలి, రేపర్ చింపాలి, తెల్ల బాటిళ్లు ఒక గోతంలో, పచ్చవి ఇంకో గోతంలో వేయాలి. తెల్లదానికి రేటు ఎక్కువ, ఎందుకంటే దాన్ని ఏ రంగుకైనా మార్చుకోవచ్చు. కబాడీ దుకాణం నుంచి పెద్ద గోదాముకు, అక్కడ నొక్కి కట్టలు కట్టి, కడిగి ముక్కలు చేసే యూనిట్‌కు, ఆ ముక్కల నుంచి పీచు తీసే ఫ్యాక్టరీకి పోతుంది. మీ పాలిస్టర్ టీషర్టులోనో దిండులోనో ఆ బాటిల్ ఉండొచ్చు.

ఏ ప్లాస్టిక్ ఏదో మనకు తెలియదు. ఏరే మనిషికి తెలుసు. నలిపి చప్పుడు వింటుంది. నీళ్లలో వేసి చూస్తుంది: బకెట్ల రకం తేలుతుంది, పీవీసీ పైపు ముక్క మునుగుతుంది. ఇంకా అనుమానం ఉంటే చిన్న ముక్క కాల్చి వాసన చూస్తుంది. ఆ పొగ ఆమె ఊపిరితిత్తుల్లోకే పోతుంది. కాగితంలోనూ అంతే. తెల్ల కాగితం, న్యూస్‌పేపర్, అట్ట దేని రేటు దానిది. తడిస్తే రేటు పడిపోతుంది. అందుకే వాన వచ్చేలోపు ఏరాలి. నేను పీహెచ్‌డీ చేయడానికి ఏళ్లు పట్టింది, పేరు ముందు డాక్టర్ అని చేరింది. ఆమె చదువుకు పేరు ముందు ఏమీ చేరలేదు, దగ్గు మాత్రం చేరింది.

మొత్తం వ్యాపారానికి మూలసూత్రం ఇది ఒక్కటే: కలిసి ఉన్నంతసేపు భారం, వేరు చేస్తే సరుకు. అన్నం మెతుకులు, డైపర్లు, బ్యాటరీలు, కాగితం ఒకే సంచిలో ఉంటే దాన్ని ఎవరూ కొనరు. తీసుకుపోవడానికి ఎదురు డబ్బులివ్వాలి. అదే సంచిని నాలుగుగా విడగొడితే అందులో కొంత కొనేవాడు దొరుకుతాడు. అంటే ఈ ద్వితీయ వనరు విలువ పుట్టేది విడగొట్టే చోట. ఆ చోట ఉన్న మనిషికి మాత్రం మొత్తం గొలుసులో అన్నిటికంటే తక్కువ ముడుతుంది.

ఆమె వల్ల నగరానికి ఇంకో లాభం ఉంది, దాన్ని ఎవరూ లెక్కేయరు. ఆమె ఏరిన ప్రతి కిలో జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దాకా లారీలో పోనక్కర్లేదు. చాలా నగరాల్లో కార్పొరేషన్లు చెత్త కంపెనీలకు టన్నుల లెక్కన డబ్బు కడతాయి. ఎంత బరువు తెస్తే అంత బిల్లు. బరువు పెంచిన వాళ్లకు టన్నుకింత అని రేటు ఉంది. బరువు తగ్గించిన మనిషికి ఏ రేటూ లేదు. కార్పొరేషన్ ఖజానాకు డబ్బు మిగిల్చిన ఆమెను అదే కార్పొరేషన్ గేటు దగ్గర వాచ్‌మన్ తరుముతాడు.

చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంట్లు ఈ కథలో కొత్త పాత్ర. జవహర్‌నగర్‌లో 2020 నుంచి ఒకటి నడుస్తోంది. ఆలోచించండి. కాలేది ఏమిటి? తడి కూరగాయల తొక్కలు మండవు. మండేవి కాగితం, ప్లాస్టిక్, గుడ్డ. అంటే ఏరుకునే మనిషికి కూడు పెట్టేవే బాయిలర్‌కూ మేత. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు రీసైకిల్‌కు పనికిరానివాటినే కాల్చి శక్తి తీయాలన్నాయి. పనికొచ్చేది ముందే ఎవరో వేరు చేస్తే కదా పనికిరానిది మిగిలేది. వేరు చేసే మనిషిని గేటు బయట నిలబెట్టి, లోపల అన్నీ కలిపి కొలిమికి పంపితే ఆ నిబంధన కాగితం మీద మాటే అవుతుంది.

*

ఇప్పుడు కులం దగ్గరికి వద్దాం. "చెత్తలో కూడా కులమేనా?" అని ఎవరో అంటారు. చెత్తలో కాకపోతే ఇంకెక్కడుంటుంది?

మా తాత చచ్చిన గొడ్డును మోసిన మనిషి. ఊళ్లో ఎవరి ఎద్దు చచ్చినా మాదిగవాడకు కబురొచ్చేది. మోసుకుపోవాలి, తోలు ఒలవాలి, లందలో నానబెట్టాలి. ఆ తోలుతోనే ఊరి బావులకు మోట బొక్కెన తయారయ్యేది. కాపు కాళ్లకు చెప్పులు, కాడికి వార్లు, జాతరకు డప్పు. బదులుగా కల్లం దగ్గర కొన్ని గింజలు. ఈరోజు సెమినార్ భాషలో చెప్పాలంటే మాదిగవాడ మన ఊళ్లకు మొట్టమొదటి రీసైక్లింగ్ పరిశ్రమ. మోట బొక్కెన లేకపోతే మెట్టభూమికి బావినీళ్లు లేవు. వ్యవసాయం మొత్తం ఆ 'వ్యర్థం' మీద ఆధారపడి నడిచింది. దానికి ఊరు పెట్టిన పేరు మైల.

తోలుకు రైలు, ఓడ, విదేశీ మార్కెట్ వచ్చాయి. 19వ శతాబ్దం రెండో సగంలో మద్రాసు రేవు నుంచి తోళ్ల ఎగుమతి పెద్ద వ్యాపారమైంది. మండీలు వచ్చాయి, పెట్టుబడిదారులు వచ్చారు, టానరీలు వెలిశాయి. తోలు మైల పోయి సరుకైంది. సరుకైన రోజున దాని యజమాని మారిపోయాడు. మాదిగ టానరీలో కూలీగా మిగిలాడు. సున్నం నీళ్లలో దిగే కాళ్లు ఆయనవే, తోళ్ల బేరం మాత్రం ఆయనది కాదు.

నేను క్లాసులో జాషువా 'గబ్బిలం' చెబుతాను. 1941 నాటి కావ్యం. అందులో కథానాయకుడు చెప్పులు కుట్టే కులం మనిషి. పిల్లలు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. అంటరానితనం గురించి మంచి ప్రశ్నలు అడుగుతారు. ఇన్నేళ్లలో ఒక్కరు కూడా తోలు ధర గురించి అడగలేదు. తప్పు వాళ్లది కాదు, చెప్పే నాది. మన అవమానం గురించి మాట్లాడటం ఈ సమాజానికి కొంత అలవాటైంది. అవార్డులు కూడా ఇస్తుంది. మన లెక్క అడిగితే మాత్రం ముఖం తిప్పుకుంటుంది. అందుకే ఈ వరుసకు 'బాకీ లెక్కలు' అని పేరు పెట్టుకున్నాను.

తోలుకు జరిగిందే ఇప్పుడు ప్లాస్టిక్‌కు, కాగితానికి, పాత సెల్‌ఫోన్‌కు జరుగుతోంది. ధర లేనంత కాలం అది పుట్టుకతో మన నెత్తిన ఉంది. ఎవరూ పోటీకి రాలేదు. 'ఈ చెత్త మేమెత్తుతాం' అని ఏ కంపెనీ టెండర్ వేయలేదు. ధర పలుకుతుందని తెలిసిన రోజు నుంచి అది వనరు, ఆస్తి, ఒప్పందం. నిన్నటిదాకా 'ఛీ' అన్న అట్టపెట్టెను ఇవాళ అక్క ముట్టుకుంటే దొంగతనం. మొదటిది అంటరానితనం. రెండోది కూడా అంటరానితనమే, కాకపోతే తాళంచెవితో వచ్చింది.

*

ప్రభుత్వాలు ఏమీ చేయలేదా అంటారు. కాగితం మీద చేశాయి. 2016 నిబంధనలు చదవండి. వ్యర్థాలను తగ్గించడంలో ఏరుకునేవాళ్లదీ అసంఘటిత రంగానిదే ప్రధాన పాత్ర అని రాష్ట్రాలు తమ విధానంలో ఒప్పుకోవాలని, వాళ్ల సంఘాలను గుర్తించి స్థానిక సంస్థలు వ్యవస్థలో కలుపుకోవాలని రాసి ఉంది. మంచి వాక్యాలు. ఆ వాక్యాలకు బడ్జెట్ లేకపోయింది, గడువు తప్పితే శిక్ష లేకపోయింది.

డబ్బు ఉన్నది ఇంకో చోట. ప్లాస్టిక్ ప్యాకింగ్ మార్కెట్‌లో వదిలిన కంపెనీయే దాన్ని తిరిగి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత మోయాలని 2022 ఫిబ్రవరిలో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యత అంటారు. సూత్రం న్యాయమైనదే. అమలు ఎలా? కంపెనీ రోడ్డు మీదికొచ్చి ఏరదు. రిజిస్టర్ అయిన రీసైక్లర్ దగ్గర సర్టిఫికెట్ కొంటుంది. రీసైక్లర్‌కు సర్టిఫికెట్ పుట్టేది బిల్లుల మీద, పోర్టల్‌లో ఎక్కించిన టన్నుల మీద. ఆ టన్నులు మొదట ఎవరి వీపు మీద మోసుకొచ్చినవి? ఆమె దగ్గర బిల్లు లేదు. బిల్లు లేని మనిషి ఆ పోర్టల్ దృష్టిలో పుట్టనే లేదు. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేస్తే లక్షల సంఖ్యలో నకిలీ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. అంటే ఏరని ప్లాస్టిక్‌కు సర్టిఫికెట్ పుట్టింది, ఏరిన మనిషికి పైసా పుట్టలేదు.

ఎలక్ట్రానిక్ వ్యర్థాల సంగతి ఇంకా స్పష్టం. కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చాయి. కంపెనీలు రీసైక్లర్లకు మరీ తక్కువ ఇస్తున్నాయని, గృహోపకరణాల లాంటి వాటికి కిలోకు కనీసం 22 రూపాయలు ఇవ్వాలని ప్రభుత్వం కనీస ధర పెట్టింది. వెంటనే ఏసీలు, టీవీలు అమ్మే పెద్ద పెద్ద కంపెనీలు 2025లో ఢిల్లీ హైకోర్టుకెక్కాయి, ఆ ధర మాకు భారమని.

ఒకసారి ఆగి చూడండి. కిలోకు 22 రూపాయల కోసం వేల కోట్ల కంపెనీలు లాయర్లను పెట్టుకుని కొట్లాటకు దిగాయి. అవతలి వైపు రీసైక్లర్‌కు కనీస ధర కావాలని ప్రభుత్వమే నిలబడింది. ఇద్దరి తరఫునా మాట్లాడేవాళ్లు ఉన్నారు. పాత టీవీని వీపున మోసి, సుత్తితో పగలగొట్టి, రాగితీగ వేరు చేసిన మనిషికి కనీస ధర ఎంత? ఆ ప్రశ్న ఏ కోర్టులోనూ లేదు. వరికి మద్దతు ధర ఉంది. చాలదని రైతు కొట్లాడతాడు, న్యాయమే. చిత్తు కాగితానికి మద్దతు ధర అని ఎవరైనా విన్నారా? అంతర్జాతీయ మార్కెట్‌లో పడిపోతే కబాడీ దుకాణంలో పలకమీద రేటు ఆ రోజే చెరిగిపోతుంది. పెరిగినప్పుడు మాత్రం నింపాదిగా పెరుగుతుంది.

పన్ను కూడా కిందికే దిగుతుంది. ప్లాస్టిక్ తుక్కు మీద జీఎస్టీ 2021 అక్టోబర్‌లో 5 శాతం నుంచి 18 శాతానికి పెరిగింది. ఏరే మనిషి జీఎస్టీ కట్టదు కదా అంటారు. చేత్తో కట్టదు. బిల్లు లేని సరుకును పైవాడు తక్కువకు అడుగుతాడు, ఆ తగ్గింపును గోదామువాడు కబాడీ మీదికి తోస్తాడు, కబాడీ ఆమె మీదికి. ఆమె కింద తోయడానికి ఎవరూ లేరు.

*

ఇక ఎదురు ప్రశ్నలు. ఇవి నేను కల్పించుకున్నవి కావు. స్టాఫ్ రూములో నా ముఖం మీద వేసినవే.

ఒకటి: "ఈ పనిలో ముస్లింలు లేరా? బతుకుతెరువుకు వలసొచ్చిన వాళ్లు లేరా? దీన్ని దళితుల సమస్య అంటారేంటి?" ఉన్నారు. భోలక్‌పూర్ సందుల్లో తుక్కు వ్యాపారంలో బతికే ముస్లిం పేదల కష్టం మన కష్టమే. వాళ్లను కలుపుకోకుండా ఈ కొట్లాట గెలవలేం. నేను చూపించేది ఎవరెవరు ఉన్నారని కాదు, ఎవరు లేరని. అన్ని కులాల్లోనూ పేదలున్నారు కదా, చెత్తకుప్ప మీద అన్ని కులాల పేదలూ ఎందుకు కనపడరు? తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని ఈ దేశంలో 2000 సంవత్సరం నిబంధనల నుంచీ చెబుతున్నారు. 2016లో మూడు బుట్టలన్నారు. ఇన్నేళ్లయినా తన ఇంటి చెత్త తాను వేరు చేయడానికి చెయ్యి రాదు. అవగాహన లేక అంటారు. షేర్ మార్కెట్ అర్థమయ్యేవాళ్లకు రెండు బుట్టల తేడా అర్థం కాదా? వేరు చేయడమంటే ముట్టుకోవడం. ముట్టుకోవడానికి వేరే మనుషులున్నారని పుట్టినప్పటి నుంచి నేర్చుకున్నారు. బాబాసాహెబ్ 1936లోనే చెప్పాడు కదా, కులం పనిని పంచడంతో ఆగదు, పనిచేసే మనుషుల్నే అంతస్తులుగా విడగొడుతుందని. మన నగరాల చెత్త బుట్ట ఆ మాటకు రోజూ సాక్ష్యం ఇస్తోంది.

రెండు: "కంపెనీ వస్తే గ్లవ్స్ ఇస్తుంది, గుర్తింపు కార్డు ఇస్తుంది. మంచిదేగా?" గ్లవ్స్ కావాలి. కార్డు కావాలి. వాటి కోసం సరుకు మీద హక్కు వదులుకోవాలని ఏ సూత్రం చెప్పింది? పుణె చూడండి. అక్కడ కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్ అని ఏరుకునేవాళ్ల సంఘం 1993లో పుట్టింది. అందులో ఎక్కువమంది దళిత స్త్రీలు. ఆ సంఘం నుంచే 'స్వచ్ఛ్' అనే సహకార సంస్థ వచ్చి, కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకుని ఇల్లిల్లూ తిరిగి చెత్త సేకరిస్తోంది. ఇంటివాళ్లు కట్టే రుసుం ఆ స్త్రీలకే, పొడి చెత్త అమ్ముకునే హక్కూ వాళ్లకే. వాళ్లకూ ఒప్పందం ముగిసినప్పుడల్లా కొట్లాట తప్పడం లేదు, అది వేరే సంగతి. కానీ సాధ్యం కాదనే మాట మాత్రం ఇక చెల్లదు.

మూడోది నన్ను నిజంగా నిద్రపోనివ్వని ప్రశ్న. మన మనిషే అడిగాడు, నా కంటే పెద్దవాడు, ఉద్యమంలో తల పండినవాడు. "తమ్ముడూ, బాబాసాహెబ్ మహాడ్‌లో 1927లో ఏం చెప్పిండు? గొడ్డుమాంసం సంగతి కాదు, చచ్చిన గొడ్డు సంగతి. ఆ బతుకు వదిలేయమన్నడు. నువ్వు డాక్టరేట్ చేసి మనోళ్లను మళ్లీ చెత్తలోనే ఉండమంటున్నవా?"

నేను చాలా రోజులు జవాబు చెప్పలేకపోయాను. నా బిడ్డ గోతం పట్టుకోవాలని నేను కోరుకుంటానా? కోరుకోను. అక్క బిడ్డ పట్టుకోవాలనీ కోరుకోను. అక్క కూడా కోరుకోదు, బిడ్డను ఇంటర్ చదివిస్తోంది.

జవాబు బాబాసాహెబ్ దగ్గరే దొరికింది. మహాడ్ తర్వాత ఏడాదే, 1928లో, ఆయన బొంబాయి శాసన మండలిలో మహర్ వతన్ మీద బిల్లు పెట్టాడు. తరతరాలుగా ఊరికీ సర్కారుకూ చేసే చాకిరీకి బదులుగా మహర్లకు కొంత వతన్ భూమి ఉండేది. చాకిరీ నుంచి విడుదల కావాలి, భూమి మాత్రం చేతిలోంచి పోకూడదు, శిస్తు కట్టుకుని సొంతం చేసుకునే దారి ఉండాలి. బిల్లు సారం అదీ. సంకెల తెంచుకుపోతూ ఆస్తి వదిలేసి పొమ్మని ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

మనం అడగాల్సింది కూడా అదే. మన ఇష్టంతో వదిలేయడం వేరు, గుంజుకుని వెళ్లగొట్టడం వేరు. యంత్రాలు రానీయండి, కన్వేయర్ బెల్టులు రానీయండి, ఎవరూ కుప్ప మీద చేతులు పెట్టనక్కర్లేని రోజు రానీయండి. ఆ యూనిట్‌లో వాటా మాత్రం ఇన్నేళ్లు ఒట్టి చేతులతో ఆ వ్యాపారాన్ని నిలబెట్టిన వాళ్ల పేరు మీద ఉండాలి. గోతం మనదీ, ఫ్యాక్టరీ వాళ్లదీ అనే పంపకానికి ఒప్పుకోను. గోతం పోయిన రోజున ఫ్యాక్టరీలో మన పేరెక్కడుందో చూపించమంటున్నాను.

వదిలేయడంలోని బలం కూడా మనకు తెలుసు. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు ఒలిచారని దళిత యువకులను కట్టేసి కొట్టారు. ఆ తర్వాత సురేంద్రనగర్‌లో మనవాళ్లు గొడ్డు కళేబరాలు తెచ్చి కలెక్టరాఫీసు ముందు వేశారు. మీ తల్లిని మీరే ఎత్తుకోండన్నారు. ఎత్తేవాళ్లు లేక అధికారులు తలలు పట్టుకున్నారు. ఆ పని విలువ ఎంతో ఆ వాసన చెప్పినంత బాగా ఏ సెమినారూ చెప్పలేదు.

*

కాబట్టి అడుగుతున్నవి ఇవి.

పొడి చెత్త మీద మొదటి హక్కు ఏరే వాళ్ల సంఘాలదని చట్టంలో ఉండాలి. వాళ్ల సహకార సంఘానికి అవకాశం ఇవ్వకుండా ఏ కార్పొరేషనూ, ఏ సంస్థా టెండర్ పిలవకూడదు.

రీసైక్లర్‌కు కనీస ధర ఉన్నట్టే ఏరే మనిషికి ఒక్కో రకం సరుకు మీద కనీస ధర ఉండాలి.

కంపెనీలు సర్టిఫికెట్లకు పెట్టే డబ్బులో వాటా నేరుగా ఆమె ఖాతాలో పడాలి. ఆమె సంఘం తూకం చీటీ ఉంటే తప్ప సర్టిఫికెట్ పుట్టకూడదు.

ఆమె వల్ల డంపింగ్ యార్డుకు పోకుండా ఆగిన ప్రతి టన్నుకు, కంపెనీకి ఇచ్చే రేటునే ఆమె సంఘానికీ ఇవ్వాలి. ఇది దానం కాదు, మిగిల్చిన డబ్బులో వాటా.

పెద్ద కోరికలని నవ్వేవాళ్లు నవ్వండి. చిన్న పని మీరూ చేయొచ్చు. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో, మీ ఆఫీసులో, మీ కాలేజీలో ఒక్క ప్రశ్న వేయండి: మన పొడి చెత్త ఎవరికి పోతోంది, దాని డబ్బు ఎవరి చేతికొస్తోంది? అంతకుముందు దాన్ని ఏరుకున్న మనిషి ఇప్పుడేం చేస్తోంది? మినిట్స్‌లో రాయించండి.

నేను వేశాను. స్టాఫ్ మీటింగులో ఒప్పందం కాపీ అడిగాను. అట్టలు, బాటిళ్లు అమ్మిన డబ్బు ఊడ్చేవాళ్లకు చెందాలని ఒక వాక్యం చేర్చమన్నాను. "మీరు సాహిత్యం వాళ్లు, ఎమోషనల్ అవుతారు" అన్నారొకరు. నేను అడిగింది లెక్క. కవిత్వం కాదు. ఇద్దరు లెక్చరర్లు నాతో సంతకం పెట్టారు, ఇద్దరూ మనవాళ్లు కారు. వాళ్లకు కృతజ్ఞతలు. నిర్ణయం వచ్చే మీటింగుకు వాయిదా పడింది.

ఈలోపు ఏజెన్సీ బండి ఇంకా రాలేదు. అట్టలు తాళం వేసిన గదిలో ఉన్నాయి. కిటికీ అద్దం పగిలిన గది అది. మొన్న రాత్రి వాన కొట్టింది. పొద్దున అక్క కిటికీలోంచి చూసి, "తడిసినయ్ సార్, ఇగ రేటు రాదు" అంది. ఆమె ముఖంలో కోపం కనిపించలేదు. మంచి మాలు పాడైపోయిందన్న బాధ కనిపించింది. ఆ కాలేజీలో దాని విలువ తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

వచ్చే మీటింగులో ఏమైందో రాస్తాను. వచ్చే భాగం సెప్టిక్ ట్యాంకుల లారీల గురించి. మీ ఊళ్లో ఆ పనిలో ఉన్నవాళ్లతో మాట్లాడిస్తానంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి.

జై భీమ్.